ప్రాగ్‌లోని యోసెఫోవా, త్రెబీచా?

చెక్ దేశంలో యూదుల వారసత్వ స్థలాలు చూడదలచినవారు ఎక్కువగా ప్రాగ్‌లోని పాత యూదుల పేట యోసెఫోవ్‌తోనే సరిపెట్టుకుంటారు. అందుకు కారణాలూ లేకపోలేదు. 13వ శతాబ్దపు యూదుల ప్రార్థనాలయమైన పాత-కొత్త సినగాగ్‌లో నేటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి. 1787 వరకు వాడుకలో ఉన్న పాత శ్మశానంలో, చోటు చాలక పాత సమాధులపై మట్టి పోసి కొత్తవారిని పూడ్చడం వల్ల, పన్నెండు వేల దాకా రాళ్లు ఒకదానిపై ఒకటి ఒరిగి కనిపిస్తాయి. పక్కనే ఉన్న పింకాస్ సినగాగ్ గోడల నిండా, నాజీల చేతిలో బలైన దాదాపు 80,000 మంది చెక్ ప్రాంతాలైన బొహీమియా, మొరావియాల యూదుల పేర్లు చేతిరాతతో ఉన్నాయి. ఇంటిపేరు ఎర్ర రంగులో, పేరూ తేదీలూ నలుపులో.

అయితే 19వ శతాబ్దం చివర మొదలైన కూల్చివేతల్లో యోసెఫోవ్ పాత ఇళ్లు దాదాపు అన్నీ పోయాయి. అక్కడి సంసారాలు ఎలా సాగేవో ఊహించుకోవలసిందే. ఆ లోటును త్రెబీచ్ తీరుస్తుంది. మొరావియాలోని ఈ పట్టణంలో నదికీ కొండకీ మధ్య యూదులు ఇరుకుగా కట్టుకున్న 120కి పైగా ఇళ్లు, రెండు సినగాగ్‌లు, కొండమీది శ్మశానం నిలిచి ఉన్నాయి. 2003లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొన్నిచోట్ల సందులు ఇళ్ల కిందుగానే దూరి సాగుతాయి. ఆ రెంటిలో ‘వెనుక సినగాగ్’ అని పిలిచేదాని లోపలి గోడలపై హీబ్రూ ప్రార్థనలు, పూల చిత్రాలు ఉన్నాయి.

ఒక్క రోజే ఉంటే ప్రాగ్‌నే ఎంచుకోవాలి, కానీ ఆ రోజు శనివారం కాకూడదు, అప్పుడు అక్కడి యూదు మ్యూజియం మూసి ఉంటుంది. రెండో రోజు దొరికితే, గుంపుల మధ్య మళ్లీ అక్కడే తిరగడం కన్నా త్రెబీచ్ వెళ్లడమే మేలని నా అభిప్రాయం.