టెన్నిస్ ఎల్బోకి కరెంటు పెట్టించుకోవాలా, కసరత్తు చేయాలా?

టెన్నిస్ ఎల్బో వచ్చినవాళ్ళలో టెన్నిస్ బ్యాటు ముట్టనివాళ్ళే ఎక్కువ. బట్టలు పిండేవాళ్ళు, టైలర్లు, కార్పెంటర్లు, రోజంతా మౌస్ పట్టుకు కూర్చునే నాలాంటివాళ్ళు. మోచేతి బయటివైపు ఎముక మీద వేలితో నొక్కితే ప్రాణం పోతుంది, పాలగిన్నె ఎత్తబోతే పట్టు జారిపోతుంది. సచిన్‌కి 2004లో వచ్చి, 2005లో ఆపరేషన్ దాకా వెళ్ళింది కాబట్టి ఈ పేరు మనందరికీ తెలిసింది గానీ, మామూలువాళ్ళలో అంతదాకా వెళ్ళేవాళ్ళు తక్కువే.

హైదరాబాద్‌లో నేను రెండు ఫిజియో సెంటర్లకి వెళ్ళాను. మొదటిదాంట్లో ఏసీ, వరసగా మంచాలు, ప్రతి మంచం పక్కనా ఓ మెషీన్. కాసేపు నొప్పి తగ్గడానికి చర్మం మీద ప్యాడ్లు అంటించి సన్నటి కరెంటు (ఐఎఫ్‌టీ) పెడతారు, తర్వాత చల్లటి జెల్ రాసి అల్ట్రాసౌండ్ తిప్పుతారు, స్కాన్ కాదు, నొప్పికి పెట్టే ధ్వని తరంగాలు. హాయిగానే ఉంటుంది, నిద్ర కూడా పట్టేస్తుంది. సాయంత్రం దాకా తగ్గినట్టే ఉండి, మర్నాడు కుళాయి తిప్పగానే మళ్ళీ మొదటికొస్తుంది. ఏ పని చేస్తే నొప్పెడుతోందని అక్కడ ఒక్కరూ అడగలేదు, ప్యాకేజీ ఎప్పుడు కడతారని మాత్రం అడిగారు.

రెండోచోట ఉన్నది ఒక గది, ఒక బల్ల, ఒక మేడమ్. ముందు నా చేత కుర్చీ ఎత్తించి చూసింది, మధ్యవేలు పైకి లేపమని తను కిందకి నొక్కింది. మోచేతిని పక్కకి నెట్టి పట్టుకుని ఇప్పుడు పిడికిలి బిగించండి అంటే, ఆ కాసేపూ నొప్పి లేదు! తర్వాత అసలు పని. ముంజేయి బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందివైపుకి ఉండేలా మణికట్టుని బల్ల అంచు బయటికి పెట్టి, అర లీటరు నీళ్ళ సీసా పట్టుకోవాలి. రెండో చేత్తో పైకి లేపి, నొప్పున్న చేత్తో మెల్లగా దించాలి. కొంచెం నొప్పి ఉంటుంది, ఉండొచ్చు, మర్నాటికి పెరిగితే మాత్రం బరువు తగ్గించాలి. బోరు కొట్టే పనే, రోజూ చేయాలి, వారాల తరబడి. కానీ నాకు పట్టు తిరిగొచ్చింది దీనితోనే.

ఇంజెక్షన్ వేయించుకో, రెండ్రోజుల్లో పోతుంది అని ఆఫీసులో ఒకరు కాదు, అందరూ చెప్పారు. నిజమే, త్వరగా తగ్గుతుంది. కానీ 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో ఆరు వారాలకి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌వాళ్ళు ముందుంటే, ఏడాది తిరిగేసరికి వాళ్ళే వెనకబడ్డారు. ఇంకో తమాషా ఏంటంటే ఏడాదికి ఫిజియో చేయించుకున్నవాళ్ళూ, ఏ చికిత్సా లేకుండా ఊరికే ఆగినవాళ్ళూ దాదాపు ఒకేచోట ఉన్నారు. మరి ఫిజియో ఎందుకంటారా? మొదటి వారాల్లో ఆగినవాళ్ళకంటే వీళ్ళు బాగున్నారు, రేపు ఆఫీసుకెళ్ళాల్సినవాళ్ళకి అది చిన్న విషయం కాదు.

టెన్నిస్ ఎల్బో బెల్టు కొనేవాళ్ళు దాన్ని ఎముక మీద కాకుండా కొంచెం కింద, ముంజేతి కండ మీద కట్టుకోండి, పడుకునేటప్పుడు తీసేయండి. షాక్‌వేవ్ (నొప్పి ఉన్నచోట మెషీన్‌తో బలమైన తరంగాలు పంపే చికిత్స) నేను చేయించుకోలేదు, మొదటిరోజే దాని రేటు చెప్పేవాళ్ళని ముందు వ్యాయామం నేర్పమనండి.

ఆ రెండోచోట నాకున్న కంప్లయింట్ ఒక్కటే, సాయంత్రం అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం. ఉద్యోగాలున్నవాళ్ళు పొద్దున్నే వెళ్ళడం మంచిది.