కేయూ క్రాస్ రోడ్డు మెస్సులో మధ్యాహ్నపు కార్డు

హన్మకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం గేటుకు నడిచి వెళ్లేంత దూరంలో, కేయూ క్రాస్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, రెండంతస్తుల ఇంటి మేడ మీద నడుస్తున్న మెస్సు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. దానికి బోర్డు లేదు. కింద జిరాక్సు షాపులో అడిగితే మెట్లు చూపిస్తారు. 1998 నుంచి 2000 వరకు ఇదే విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివినప్పుడు నేను రెండేళ్లు ఇక్కడే తిన్నాను. ఇప్పుడు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేస్తున్నాను. పోయిన ఏడాది ఎమ్మెస్సీలో చేరిన మా అబ్బాయి నెలవారీ కార్డు తీసుకుని తింటున్నాడు. వాణ్ని చూడటానికి వచ్చిన ప్రతిసారీ నేనూ ఒక పూట అక్కడే కూర్చుంటున్నాను.

ముందు తిండి సంగతి చెబుతాను. రెండు పూటల కార్డు నెలకు 3,200 రూపాయలు. విడిగా తింటే భోజనం 80 రూపాయలు. అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు ప్రతిరోజూ ఉంటాయి. బుధవారం గుడ్డు, ఆదివారం మధ్యాహ్నం కోడికూర వడ్డిస్తారు. పుంటికూర పప్పు, వంకాయ కూర బాగుంటాయి. ఆలుగడ్డ వేపుడు మాత్రం చాలాసార్లు నూనె పీల్చుకుని మెత్తబడి ఉంటుంది. ఈ మెస్సుకు పేరు తెచ్చింది గురువారం నాటి ముద్దపప్పు, పచ్చిపులుసు. చింతపండు పులుసును పలుచగా పిసికి, మంట మీద కాల్చిన పచ్చిమిరపకాయలను ఉప్పుతో కలిపి చేత్తోనే నలిపి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ ముక్కలు, వేయించి దంచిన నువ్వుల పొడి కలిపి, చివరకు జీలకర్ర పోపు వేస్తారు. ఆ కాలిన మిరపకాయ వాసన మెట్లు ఎక్కుతుండగానే తెలుస్తుంది. ఇరవై ఏళ్లు దాటినా ఆ రుచిలో నాకు తేడా కనిపించలేదు. ఇంటికి దూరంగా వచ్చిన పిల్లవాడికి ఇలాంటి గిన్నె ఒకటి వారానికోసారి దొరకడం చిన్న విషయమని నేను అనుకోను.

అయితే ఈ మెస్సు గురించి రాయాలని నాకు అనిపించడానికి అసలు కారణం అక్కడి స్టీలు పళ్లేలు. నేను చదివే రోజుల్లో ప్రతి పళ్లెం అంచు మీద ఒక అంకె చెక్కించి ఉండేది. ఎవరి అంకె వారిదే అన్నంత పట్టుదలగా పిల్లలు తమ పళ్లేన్నే వెతికి తీసుకునేవారు. కరోనా కాలంలో 2020 మార్చిలో హాస్టళ్లు ఖాళీ చేయించినప్పుడు ఆ పళ్లేలన్నీ కడిగి, గుడ్డలో మూటకట్టి, అటక మీద పెట్టేశారు. తరగతులు మళ్లీ మొదలయ్యాక కూడా వాటిలో సగం అటక దిగలేదు. కిందటి నెల నేను వెళ్లేసరికి ఒక మూట విప్పి, చింతపండు పిప్పితో తోమి, ఎండలో బోర్లించారు. విశ్వవిద్యాలయంలో చేరే పిల్లల సంఖ్య తగ్గుతోందా, పెరుగుతోందా అన్న సంగతి పేపర్లలో వచ్చేలోపే ఈ ఇంటి అటకకు తెలుస్తుంది.

పిల్లలు ఎందుకు తగ్గారో ఆ పరిసరాల్లో బతికేవారికి బాగా తెలుసు. ఉస్మానియా పీజీ కేంద్రంగా ఉన్న చదువుల చోటు 1976లో కాకతీయ విశ్వవిద్యాలయంగా మారినప్పటి నుంచి పాత వరంగల్, ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పిల్లలకు పెద్ద చదువంటే హన్మకొండే. 2008లో శాతవాహన విశ్వవిద్యాలయం రావడంతో కరీంనగర్ కళాశాలలు అటు వెళ్లాయి. అది ఆ ప్రాంతానికి మంచిదే, దానికి నేను బాధపడటం లేదు. ఆ తర్వాత కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ మోజు పెరిగి, ఇంటర్ పాసైన పిల్లల్లో అప్పు చేసైనా ఫీజు కట్టగలిగినవారు బీటెక్ వైపు మళ్లారు. 2016లో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి వచ్చాక డిగ్రీ సీటు ఇంట్లో కూర్చుని ఫోనులో ఎంచుకునే వీలు కలిగింది గానీ, రాష్ట్రమంతటా సగానికి పైగా డిగ్రీ సీట్లు ఖాళీగా మిగిలిన సంవత్సరాలను కూడా చూశాం. పీజీకి అన్ని విశ్వవిద్యాలయాలకూ కలిపి సీపీగెట్ అనే ఒకే ప్రవేశ పరీక్ష పెట్టిన తర్వాత, మంచి ర్యాంకు వచ్చిన మా వైపు పిల్లవాడు మొదటి ఆప్షన్‌గా ఉస్మానియాను పెట్టుకోవడం మామూలైపోయింది. హైదరాబాదులో చదువుతో పాటు కోచింగూ, పార్ట్‌టైమ్ పనీ దొరుకుతాయన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని వాళ్లకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ ఒక పొరపాటు గురించి హెచ్చరించాలి. మెస్సు నిండుగా కనిపిస్తే విశ్వవిద్యాలయం నిండిందని అనుకోకూడదు. 2024లో ప్రభుత్వ బడుల్లో 11,062 టీచరు పోస్టులకు డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఈ మేడ మీద కూర్చోవడానికి చోటు లేక పిల్లలు పిట్టగోడ మీద పళ్లెం పెట్టుకుని తిన్నారు. వారిలో చాలామంది చదువు ఎప్పుడో పూర్తిచేసి, గోపాల్‌పూర్, భీమారం వైపు గదులు తీసుకుని పరీక్షకు చదువుకుంటున్నవారే. ఆ ఏడాది అక్టోబరులో నియామకాలు పూర్తయ్యాక ఒక్క వారంలో బల్లలు ఖాళీ అయ్యాయి. ఉద్యోగం వచ్చినవారు స్వీట్ డబ్బా ఇచ్చి వెళ్లారు, రానివారు చెప్పకుండా వెళ్లారు. నోటిఫికేషన్ మీద నడిచే రద్దీ వేరు, అడ్మిషన్ మీద నడిచే రద్దీ వేరు. మొదటిది వానాకాలపు వాగులాంటిది, రెండోది చెరువులాంటిది. ఈ నేల కాకతీయుల కాలం నుంచి చెరువునే నమ్ముకుంది.

గత రెండేళ్లుగా నాకు కనిపిస్తున్న మార్పు ఈ రెండో రకం. నేను పనిచేసే కళాశాలలో ఇంటర్ పూర్తిచేసి డిగ్రీకి, ఆ తర్వాత పీజీకి హన్మకొండ వస్తున్న ఆడపిల్లలు మునుపటికంటే ఎక్కువయ్యారు. కారణమేమిటని అడిగితే ఎక్కువమంది చెప్పేది బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడంతో, హాస్టల్లో ఉంచడానికి ఒప్పుకోని తల్లిదండ్రులు కూడా రోజూ వెళ్లిరమ్మని పంపుతున్నారు. హుజూరాబాద్ వైపు నుంచి వచ్చేవారు హసన్‌పర్తి, భీమారం మీదుగా నేరుగా కేయూ క్రాస్ రోడ్డులో దిగుతారు. పరకాల, నర్సంపేట, జనగామల నుంచి వచ్చేవారు హన్మకొండలో దిగి మరో బండి ఎక్కాలి. ఇంటి దగ్గర ఆరున్నరకే బయలుదేరే పిల్ల డబ్బా కట్టుకుని రావాలంటే తల్లి ఐదింటికి పొయ్యి వెలిగించాలి. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో అది కుదిరే పని కాదు.

ఈ సంగతిని పట్టణంలో మొదట గుర్తించినవారిలో ఈ మెస్సు నడిపే ఆమె ఒకరు. పిల్లలందరూ ఆమెను అక్కా అంటారు. నాతో ఒకరోజు వడ్డిస్తూనే ఇలా అన్నారు: “సారూ, పొద్దున వచ్చిన పిల్లలు పొద్దుగూకకముందే బస్సెక్కి పోతున్నరు. రెండు పూటల కార్డు వాళ్లకెందుకు? సగం పైసలు గాలికి పోయినట్టే గదా.” అలా మొదలైంది మధ్యాహ్నపు కార్డు. 1,500 రూపాయలకు నెలలో ఇరవై ఆరు భోజనాలు. కార్డు అంటే గట్టి అట్టముక్క మీద ఇరవై ఆరు గళ్లు, తిన్నరోజు ఒక గడి మీద పెన్నుతో గీత. రాని రోజు గీత పడదు, మిగిలిన గళ్లు వచ్చే నెలకు చెల్లుతాయి. పరీక్షలప్పుడు, పండుగలప్పుడు, ఇంట్లో పనులప్పుడు నాగా పెట్టక తప్పని ఆడపిల్లకు ఈ ఒక్క ఏర్పాటు ఎంత మేలు చేస్తుందో నేను కళ్లారా చూశాను. మా అబ్బాయి ముందు తిన్న మరో మెస్సులో వరుసగా నాలుగు రోజులు రాకపోతేనే డబ్బు తగ్గిస్తామనేవారు. మూడు రోజుల జ్వరానికి వాడు పూర్తి డబ్బు కట్టాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ గదిలో ఇప్పుడు సగం మంది ఆడపిల్లలే ఉంటున్నారు. మా రోజుల్లో ఈ మెట్లు ఎక్కిన అమ్మాయిని నేను చూడలేదు. చేతులు కడుక్కునే చోట అద్దం, తలుపుకు లోపలి గడియ ఉన్న మరుగుదొడ్డి కొత్తగా వచ్చాయి. మెట్లు మాత్రం అప్పటిలాగే ఇరుకుగా, ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఆగాల్సినట్లుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కడ్డీ లేదు. వాన పడితే జారతాయి. ఇది వెంటనే సరిచేయవలసిన లోపమని ఆమెతో రెండుసార్లు చెప్పాను. ఇల్లు అద్దెది కావడంతో యజమాని ఒప్పుకోవాలట.

ఇక్కడే పట్టణం చేయవలసిన పని మొదలవుతుందని నా అభిప్రాయం. విశ్వవిద్యాలయం వల్ల నయీంనగర్ నుంచి భీమారం దాకా ఇళ్లు లేచాయి, గదులు అద్దెకు పోతున్నాయి, జిరాక్సు షాపులు, పుస్తకాల కొట్లు, టిఫిన్ బండ్లు బతుకుతున్నాయి. పిల్లలు తగ్గినప్పుడు వీళ్లంతా విశ్వవిద్యాలయాన్ని తప్పుపడతారు. పెరిగినప్పుడు మాత్రం అద్దె పెంచడం తప్ప ఇంకేమీ చేయరు. మా అబ్బాయికి గది వెతికినప్పుడు ఒక ఇంటివారు మూడు నెలల అద్దె అడ్వాన్సుగా అడిగి, నీళ్ల మోటారు రోజుకు అరగంటే వేస్తామన్నారు. ఇంకొకరు ఊరి పేరుతో ఆగకుండా కులం కూడా అడిగి, తర్వాత గది లేదన్నారు. ఆ రోజు వాడి ముఖం చూడలేకపోయాను. దగ్గరి అక్కంపేటలో పుట్టిన తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్త కొత్తపల్లి జయశంకర్ 1991 నుంచి 1994 వరకు ఈ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారని గర్వంగా చెప్పుకునే పట్టణం, పల్లె నుంచి వచ్చిన పిల్లవాణ్ని గడప మీద నిలబెట్టి కులం అడగడం నన్ను చాలా బాధపెట్టింది. సీటు వచ్చిన పిల్లవాడు రెండో ఏడు దాకా నిలబడతాడా లేదా అన్నది తరగతి గది కంటే ముందు ఈ గడపల దగ్గరే తేలుతుంది.

మెస్సులో ఆ ప్రశ్న ఎవరూ వేయరు. ముందుగా డబ్బు కట్టాలన్న నియమం ఉన్నా, స్కాలర్‌షిప్ ఆలస్యమైందని చెప్పిన పిల్లలకు అరువు ఖాతా నడుస్తుంది. వంటగది తలుపు వెనుక మేకుకు వేలాడే పొడుగాటి నోటుపుస్తకంలో పేరు, ఊరు, పూటల లెక్క మాత్రమే ఉంటాయి. నేను చూసిన పేజీలో ఒకరి లెక్క మూడు నెలలు దాటింది. ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బు ఆలస్యమైనప్పుడు దాని బరువు కళాశాలల మీద పడుతుందని అందరూ మాట్లాడుకుంటారు గానీ, ఆ బరువులో కొంత ఇలాంటి వంటగదుల మీద కూడా పడుతోంది. సిలిండరు వాడికి, బియ్యం కొట్టుకు ఆమె ఎప్పటికప్పుడు కట్టవలసిందే.

రాత్రి భోజనం విషయంలో నాకు పూర్తి తృప్తి లేదు. రోజూ వెళ్లొచ్చే పిల్లలు పెరగడం వల్ల రాత్రికి తినేవారు తగ్గి, మధ్యాహ్నం మిగిలిన కూరలోనే నీళ్లు కలిపి మరిగించి వడ్డించిన రోజులు ఉన్నాయి. రాత్రికి మిగిలేది దూరపు పిల్లలు. కాగజ్‌నగర్, బెల్లంపల్లి, మంచిర్యాల వైపు నుంచి రైల్లో కాజీపేటలో దిగినవారు, ఇల్లందు, భద్రాచలం వైపు నుంచి వచ్చినవారు. నెలకోసారి కూడా ఇంటికి వెళ్లలేని ఈ పిల్లలకే మంచి భోజనం ఎక్కువ అవసరం, వాళ్లకే పలుచటి కూర దొరుకుతోంది. బస్సు దగ్గరివారిని విశ్వవిద్యాలయానికి దగ్గర చేసింది, దూరపువారికి ఆ మేలు అందలేదు. వాళ్లు రావడం తగ్గిపోతే కాకతీయ విశ్వవిద్యాలయం ఒక జిల్లా కళాశాల స్థాయికి కుంచించుకుపోతుందన్న భయం నాకుంది. అందుకే మధ్యాహ్నపు కార్డును ఎంత మెచ్చుకుంటున్నానో, రాత్రి వంట సరిచేయమని అంత గట్టిగా అడుగుతున్నాను. జొన్నరొట్టె, ఒక్క కూర పెట్టినా చాలు, అప్పటికప్పుడు వండినదైతే.

వెళ్లాలనుకునేవారికి: మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర వరకు, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు తెరిచి ఉంటుంది. ఫోన్‌పే తీసుకుంటారు. మంచినీళ్లు ఫిల్టరువే, వేసవిలో రంజన్లలో పోస్తారు. దూరవిద్య తరగతులుండే ఆదివారాల్లో ఉద్యోగులు ఎక్కువగా వస్తారు కాబట్టి ఒంటిగంటలోపు వెళ్లడం మంచిది. పచ్చిపులుసు కోసమైతే గురువారమే వెళ్లండి, రెండు దాటితే అయిపోతుంది.

ఆదివారం రాత్రి మెస్సు మూసి ఉంటుంది. దూరపు పిల్లలు ఆ పూటకు బిస్కెట్లతో, నూడుల్స్‌తో సరిపెట్టుకుంటున్నారని మా అబ్బాయి చెప్పాడు. ఇరవై మంది పేర్లు ఇస్తే ఆదివారం రాత్రి కూడా వండుతానని ఆమె ఒప్పుకుని, చేతులు కడుక్కునే చోట అద్దం పక్కన ఒక తెల్లకాగితం అంటించారు. పోయిన గురువారానికి అందులో పద్నాలుగు పేర్లు ఉన్నాయి.