పాటల యాప్‌కు లాభం ఎటునుంచి: ఉచితం మూసివేయడమా, ధర పెంచడమా, పక్క వ్యాపారమా?

2024 జనవరి ఆఖరున పాటల యాప్ రెస్సో మన దేశంలో సేవలు ఆపివేసింది. అదే ఏడాది ఆగస్టులో ఎయిర్‌టెల్ తన పాటల యాప్ వింక్ మ్యూజిక్‌ను మూసివేస్తున్నట్లు ప్రకటించింది. అప్పటినుంచి పాఠకులు తిప్పి తిప్పి అడుగుతున్న ప్రశ్న ఒకటే: కోట్లమంది వింటున్నా నష్టపోతున్న పాటల యాప్ ఒడ్డున పడాలంటే ఏ దారి పట్టాలి? చెప్పుకోదగ్గ దారులు మూడు కనిపిస్తాయి. ఉచితంగా వినే వీలు తీసివేసి చందాదారులనే నమ్ముకోవడం మొదటిది. గానా ఇదే చేసింది. ఉచితాన్ని ఉంచుతూనే కొంచెం కొంచెంగా కుదించి, చందా ధర పెంచుతూ పోవడం స్పాటిఫై దారి. పాటను అడ్డం పెట్టుకుని దాని చుట్టూ వేరే వ్యాపారం నడపడం చైనాలో టెన్సెంట్ మ్యూజిక్ దారి.

వీటిని తూచేటప్పుడు చాలామంది శ్రోతల సంఖ్య దగ్గరే ఆగిపోతారు. నేను మాత్రం హక్కుదారులకు చెల్లించాక చేతిలో ఎంత మిగులుతుందన్నదే చూస్తాను. స్పాటిఫై 2019లో మన దేశానికి వచ్చినప్పుడు నెల చందా ₹119. అందులో 18 శాతం జీఎస్టీ పోగా మిగిలేది దాదాపు ₹101. ఈ వ్యాపారంలో రాబడిలో సుమారు మూడింట రెండు వంతులు ఆడియో కంపెనీలకూ, పాటల రచయితల, స్వరకర్తల హక్కులు చూసే సంస్థలకూ వెళుతుంది కనుక, చివరకు సంస్థకు దక్కేది ₹34కు అటూ ఇటూగా ఉంటుంది. సర్వర్లు, చెల్లింపుల రుసుములు, ప్రచారం, జీతాలు అన్నీ ఆ ₹34లోనే సర్దుకోవాలి. విద్యార్థి రాయితీ, కుటుంబ ప్యాక్ తీసుకున్నవారి దగ్గర అంత కూడా మిగలదు. వాటా శాతంలో ఉండడంవల్ల రాబడి పెరిగితే చెల్లింపూ దానితోపాటే పెరుగుతుంది. ఉచిత శ్రోతల విషయంలో చిక్కు మరీ ఎక్కువ. ఆడియో కంపెనీలు తరచూ కనీస హామీ మొత్తాన్ని రాయించుకుంటాయి. ప్రకటనల రాబడి ఆ మొత్తాన్ని అందుకోకపోతే తేడా సంస్థ జేబులోంచే పోతుంది.

ఈ లెక్క ముందు పెట్టుకుంటే గానా నిర్ణయాన్ని తొందరపాటు అనలేము. టైమ్స్ ఇంటర్నెట్ 2010లో మొదలుపెట్టిన ఆ సేవ, చేతిలో డబ్బు కరిగిపోతున్న దశలో, 2022లో ఉచితాన్ని ఆపి చందాకే పరిమితమైంది. నష్టం తెచ్చే శ్రోతను వదులుకుంటే నష్టం తగ్గే మాట నిజమే. అయితే ఆ తాళం యాప్‌కు పడిందే గాని పాటకు పడలేదు. తెలుగు సినిమా పాట వచ్చిందంటే ఆదిత్య మ్యూజిక్ వంటి సంస్థలు దాన్ని లిరికల్ వీడియోగా యూట్యూబ్‌లో పెడతాయి. ఆటోలోనైనా హోటల్లోనైనా జనం ఆ పాటను అక్కడే పైసా కట్టకుండా వింటారు. అలాంటిచోట చందా కట్టమన్న యాప్‌ను ఫోన్‌లోంచి తీసివేయడానికి శ్రోతకు అర నిమిషం పట్టదు. 2018లో టెన్సెంట్, టైమ్స్ ఇంటర్నెట్ కలిసి 11.5 కోట్ల డాలర్లు పెట్టిన ఆ వ్యాపారాన్ని, రేడియో మిర్చిని నడిపే ఈఎన్‌ఐఎల్ 2023 చివర్లో ₹25 లక్షలకు తీసుకుంది. గానా, ఈఎన్‌ఐఎల్ రెండూ టైమ్స్ సమూహానివే కనుక దాన్ని బజారు ధర అనలేము గాని, ఆ అంకె చూసి నివ్వెరపోనివారు ఉండరు.

స్పాటిఫై 2023లో 53 కోట్ల యూరోల నష్టం చూసి, 2024లో దాదాపు 114 కోట్ల యూరోల లాభం చూపింది. సంవత్సరం మొత్తానికి లాభం రావడం ఆ సంస్థకు అదే తొలిసారి. అమెరికాలో ఏళ్ల తరబడి 9.99 డాలర్ల దగ్గరే ఉన్న నెల చందా 2023లో 10.99కి, మరుసటి ఏడాది 11.99కి చేరింది. 2023 డిసెంబరులో ఉద్యోగులలో సుమారు 17 శాతం మందిని తొలగించారు. రాయల్టీలు, సర్వర్ల వంటి ఖర్చులు పోగా మిగిలే వాటా ఏడాదిలోనే దాదాపు 26 శాతం నుంచి 30 శాతానికి పెరిగింది.

ఇంత జరిగినా ఉచితం తలుపు మాత్రం మూయలేదు. 2024 చివరికి 67.5 కోట్లమంది శ్రోతలలో చందాదారులు 26.3 కోట్లు, మిగతావారివల్ల వచ్చే ప్రకటనల డబ్బు మొత్తం రాబడిలో 12 శాతమే. అయినా వారిని ఉంచుకోవడానికి కారణం, చందాదారులలో ఎక్కువమంది ఒకప్పటి ఉచిత శ్రోతలే కావడం. మన దేశంలో 2023లో ఉచిత శ్రోతకు కోరిన వరుసలో పాటలు పెట్టుకునే వీలు, పాటను వెనక్కి జరిపి నచ్చిన చరణం మళ్లీ వినే వీలు తీసివేశారు. పాట వినిపిస్తూనే ఉంటుంది, చికాకు మాత్రం రోజురోజుకూ పెరుగుతుంది. అలవాటు పడ్డవాడు యాప్ వదలలేక ఏదో ఒక రోజు డబ్బు కడతాడు. నా మొగ్గు ఈ దారివైపే. అయితే కుంటుతున్న చిన్న సంస్థకు స్పాటిఫై పరిమాణం ఉండదు కనుక, ధర పెంచడానికి ముందే ఆడియో కంపెనీలతో కూర్చుని కనీస హామీని రాబడి వాటాగా మార్పించుకోవాలి. లేకపోతే పెంచిన ధర పాత బాకీలకే సరిపోతుంది.

టెన్సెంట్ కథ మొదట్లో మరింత ఊరించింది. 2018లో న్యూయార్క్‌లో షేర్లు నమోదైనప్పుడు ఆ సంస్థ రాబడిలో 70 శాతం దాకా ప్రత్యక్ష ప్రసారాలలో అభిమానులు కొని ఇచ్చే డిజిటల్ కానుకల వంటివాటినుంచి, వాద్య సంగీతం వెంట శ్రోతలే పాడుకునే కరోకే యాప్‌నుంచి వచ్చేది. తరువాత ప్రభుత్వ నిబంధనలు బిగిశాయి, పోటీ పెరిగింది, కానుకల రాబడి పడిపోయింది. 2023కల్లా సంగీతంనుంచి వచ్చే రాబడే పెద్దదైంది, చందాదారులు 10 కోట్లు దాటారు. పక్క వ్యాపారంతో బతికిన సంస్థ కూడా తిరిగి చందా దగ్గరికే వచ్చింది.

పాడ్‌కాస్టుల సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది: స్పాటిఫై 2019నుంచి వాటి మీద ధారాళంగా ఖర్చుపెట్టి, 2023లో వెనక్కి తగ్గింది. టెలికాం నీడన బతకడం మరో మార్గమే గాని, అక్కడ యాప్ పని సిమ్ మారకుండా కస్టమర్‌ను పట్టి ఉంచడం. అదే పని ఆపిల్ మ్యూజిక్‌తో జరుగుతుందని తోచగానే ఎయిర్‌టెల్‌కు సొంత వింక్ అవసరం లేకపోయింది.