పాత పర్షియన్ తివాచీ కోసం ఇరాన్: ఏ ఊరు దేనికి, ఎక్కడ కొనాలి

వాడిన తివాచీ కొనాలని ఇరాన్ వెళ్లేవాళ్లలో చాలామంది నేరుగా ఇస్ఫహాన్ చేరతారు. నక్ష్-ఎ-జహాన్ మైదానం చుట్టూ దుకాణాలు, చేతికి టీ, ఓపిగ్గా ఒక్కొక్కటీ పరిచి చూపించే అమ్మకందారులు. బస కూడా బాగుంటుంది. సఫవీల కాలపు సత్రంలో ఉన్న అబ్బాసీ హోటల్ పెరట్లో ఒక సాయంత్రం గడపడం కోసమైనా ఆ ఊరు వెళ్లాలి. అయితే తివాచీ బేరానికి ఇస్ఫహాన్‌ను ఆఖరున పెట్టుకోండి. మైదానం దుకాణాల్లో కొత్త సరుకే ముందు కనిపిస్తుంది, యాత్రికుడి తొందర కూడా ధరలో కలుస్తుంది.

మొదలుపెట్టాల్సింది టెహ్రాన్‌లో. లాలే పార్కు పక్కన 1978లో తెరిచిన కార్పెట్ మ్యూజియానికి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. కాషాన్, తబ్రీజ్, కెర్మాన్, కష్కాయీ సంచార తెగ నేతలను ఒకే చోట చూశాక బజారులో కళ్లు తొందరగా మోసపోవు. పెద్ద బజారుకు మెట్రోలో పాన్జ్‌దహ్-ఎ-ఖోర్దాద్ స్టేషన్లో దిగాలి. శుక్రవారం బజారు మూసేస్తారు. మార్చి 20 తర్వాత నౌరూజ్ (ఇరాన్ కొత్త సంవత్సరం) రోజుల్లో వెళితే మూసిన తలుపులే ఎక్కువ కనబడతాయి. బజారు చుట్టుపక్కల బస చౌకే గానీ చీకటి పడితే వీధులు ఖాళీ అయిపోతాయి. మెట్రో ఒకటో లైను మీద ఉత్తరం వైపు గది తీసుకోవడం నయం.

దుకాణానికి ముందు రఫూగర్ల గదులు వెతకండి. తివాచీలకు రఫ్ఫు చేసే ఈ పనివాళ్ల దగ్గర ప్రతి తివాచీ వెనక్కి తిప్పే ఉంటుంది, లోపాలు దాచేవాళ్లు ఉండరు. అమ్మకందారుతో సంబంధం లేని రఫూగర్‌కు విడిగా డబ్బిచ్చి, కొనాలనుకున్నదాన్ని చూపించి అభిప్రాయం అడగండి. దుకాణం రాసిచ్చే ధ్రువపత్రం కంటే ఆ ఖర్చు ఎన్నో రెట్లు విలువైనది.

తివాచీని బోర్లా వేయించి మొదట కుచ్చులు చూడాలి. చేనేతలో అవి పడుగు (నిలువు) దారాల కొనలే. కుట్టి అతికించినట్టుంటే అది యంత్రం నేసినది కావచ్చు, లేదా చివర అరిగిపోయిన చేనేతకు కొత్త కుచ్చులు తగిలించి ఉండవచ్చు. అంచు పట్టీలు రెండు చివర్లా సమానంగా ఉన్నాయో లేదో చూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. తర్వాత నూగును, అంటే పైకి నిలిచి ఉండే పోగులను, విడదీసి ముడి మొదలు చూడండి. దారం రెండు పడుగుల మీదుగా అడ్డంగా కనిపిస్తే తుర్కీ ముడి: తబ్రీజ్, హమదాన్ వైపు. ఒక్క పడుగునే చుట్టి ఉంటే ఫార్సీ ముడి: కాషాన్, ఇస్ఫహాన్, కోమ్, కెర్మాన్. పాత కాషాన్‌లలో పేక (అడ్డదారం) తరచూ నీలంగా ఉంటుంది. షిరాజ్ వకీల్ బజారులో దొరికే కష్కాయీ నేతల్లో పడుగు కూడా ఉన్నిదే.

సాంద్రతను తబ్రీజ్‌లో రజ్ లెక్కన చెబుతారు, అంటే 7 సెంటీమీటర్లలో ఎన్ని ముడులని. 50 రజ్ అంటే చదరపు మీటరుకు సుమారు 5,10,000 ముడులు. మీరే లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త. పడుగు దారాలన్నీ ఒకే మట్టంలో ఉన్న నేతలో ఒక్కో ముడి వెనక రెండు బుడిపెలుగా కనిపిస్తుంది. రెంటినీ లెక్కేస్తే రజ్ రెట్టింపవుతుంది. ఒక్క ముడి మందంతో సాగే గీతను పట్టుకుని లెక్కిస్తే ఈ పొరపాటు రాదు. ముడులు ఎక్కువుంటే మంచిదన్న మాట అన్ని ఊళ్లకూ వర్తించదు. పల్చటి రజ్‌లో నేసిన హెరీజ్ ఊరి పాత తివాచీ విలువ దాని రంగుల్లో, గీతల్లో ఉంటుంది.

తడిపిన తెల్లటి నూలు గుడ్డతో ఎరుపు, నలుపు భాగాలను నిమిషం పాటు రుద్దండి. గుడ్డకు రంగంటితే ఆ తివాచీ వదిలేయండి. అరిగిన చోట పడుగు కనబడకుండా రంగు పూయడం పాత చాలాకీ, అదీ ఇక్కడే బయటపడుతుంది. నూగు మొదట్లో రంగు గాఢంగా, కొసన పాలిపోయి ఉంటే ఎండో, రసాయనపు కడుగుడో కారణం. ముదురు గోధుమ రంగు ఉన్ని మాత్రమే చుట్టూ ఉన్నదానికంటే గుంటపడి ఉంటే భయపడక్కర్లేదు. ఇనుము కలిసిన అద్దకం ఉన్నిని తినేయడం పాతదనానికి మంచి గుర్తు. మూలను మెల్లగా మడిచినప్పుడు చిటపటమంటే మాత్రం తేమకు నూలు పడుగు కుళ్లిందని అర్థం. దానికి మరమ్మతు లేదు.

నేసిన తేదీని నమ్మేముందు అంకెల్లోని ముడులు చూడండి. ఫార్సీ 3లో ఒక పన్ను పీకేస్తే 2 అవుతుంది, 1335 కాస్తా 1235గా మారి తివాచీ వయసు ఒక్కసారిగా దాదాపు నూరేళ్లు పెరుగుతుంది. హిజ్రీ చాంద్రమాన సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం వస్తుంది: 1330 అంటే 1912.

కొనే చోటు ఏదంటే నా ఓటు తబ్రీజ్‌కు. 2010లో యునెస్కో జాబితాకెక్కిన బజారులోని ముజఫ్ఫరియే తీమ్చే అనే కప్పున్న వ్యాపారశాలలో వ్యాపారులు తమలో తాము బేరాలాడుకుంటారు, కాబట్టి ధర రజ్, కొలత, స్థితి మీదే నడుస్తుంది. టెహ్రాన్ నుంచి రాత్రి రైలుంది. కాషాన్‌లో మాత్రం పాత ఇళ్లను బసలుగా మార్చారు, మనూచెహ్రీ హౌస్ లాంటివి. నేత చూడడానికీ, విశ్రాంతికీ ఆ ఊరే మేలు. వేసవిలో ఎండ భరించలేం.

విలువ కట్టే పద్ధతి ఇది: అదే ఊరి, అదే కొలత, అదే రజ్ ఉన్న నిక్షేపమైన తివాచీ ధరను కనీసం మూడు చోట్ల అడగండి. అందులోంచి కడగడం, చివర్ల బిగింపు, రఫ్ఫు ఖర్చులు తీసేయండి. తర్వాత నూగు అరుగుదలకు ఇంకా తగ్గించండి. అరచేతంత రంధ్రాన్ని ముడి ముడిగా పూడ్చే కూలి, మామూలు రకం తివాచీ ధరనే మించిపోవచ్చు. పట్టు అంటే ఒక పోగు కాల్చి చూపమనండి. కాలిన వెంట్రుక వాసనొస్తే పట్టు, కాగితం వాసనొస్తే మెరిసే నూలో రేయానో.

వీసా, మాస్టర్‌కార్డ్ పనిచేయవు, నగదే. చెప్పిన ధర తోమనా రియాలా అని ప్రతిసారీ అడగండి, ఒక తోమన్ పది రియాళ్లు. 2×3 మీటర్ల తివాచీ 20 కిలోలు దాటవచ్చు, విమానం సామాను పరిమితి ముందే చూసుకోండి. పురాతనమైనవాటికి దేశం దాటించే అనుమతి సంగతి డబ్బివ్వకముందే తేల్చుకోవాలి. అమెరికాలో ఉండేవాళ్లు ఇంకో విషయం గమనించాలి: 2016లో ఎత్తేసిన ఇరాన్ తివాచీల దిగుమతి నిషేధాన్ని 2018 ఆగస్టులో మళ్లీ పెట్టారు.