కుదువ పెట్టే బంగారం: బ్యాంకు మేలా, ఫైనాన్స్ కంపెనీ మేలా?

ఇంట్లో బంగారం ఉండి చేతిలో డబ్బు లేనప్పుడు నగలను ఎక్కడ కుదువ పెట్టాలని ఈ మధ్య నన్ను చాలామంది అడిగారు. అడిగినవారంతా దాదాపు ఒకే రెండు లెక్కలతో వచ్చారు: గ్రాముకు ఎవరు ఎక్కువ ఇస్తారు, వడ్డీ ఎవరు తక్కువ తీసుకుంటారు. కొద్ది నెలల క్రితం నేనూ ఆ రెండు లెక్కలతోనే బయలుదేరి, రెండు బ్యాంకులు, ఒక ఫైనాన్స్ కంపెనీ తిరిగిన తర్వాత, అసలు తేల్చవలసింది మూడో లెక్క అని గ్రహించాను. తీసుకున్న అప్పును ఏ రూపంలో, ఎన్ని విడతల్లో తిరిగి కట్టనిస్తారన్నదే ఆ మూడో లెక్క. దాన్ని గురించి చెప్పే ముందు మొదటి రెండింటినీ చూడటం న్యాయం.

గ్రాముకు ఎంత ఇస్తారన్న విషయంలో బ్యాంకుకూ, ఫైనాన్స్ కంపెనీకీ మధ్య ఒకప్పుడున్నంత తేడా ఇప్పుడు ఉండదు. రిజర్వు బ్యాంకు 2025 జూన్ 6న బంగారం, వెండి తాకట్టు రుణాలపై కొత్త నిబంధనలు విడుదల చేసి, 2026 ఏప్రిల్ 1 లోగా అమలు చేయాలని చెప్పింది. సొంత అవసరాల కోసం తీసుకునే అప్పు 2.5 లక్షల రూపాయల వరకు అయితే బంగారం విలువలో 85 శాతం వరకు, 2.5 లక్షలు దాటి 5 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వవచ్చు. ఈ పరిమితి బ్యాంకుకూ, కంపెనీకీ ఒకటే. విలువ కట్టే ధర కూడా కౌంటర్ దగ్గర కూర్చున్నవారి ఇష్టం కాదు. ఆ స్వచ్ఛత గల బంగారానికి గడిచిన 30 రోజుల సగటు ముగింపు ధర, ముందు రోజు ముగింపు ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే తీసుకోవాలి. ధర రోజురోజుకూ పెరుగుతున్న కాలంలో టీవీలో చెప్పే ధరకూ, అప్రైజర్ (నగను పరీక్షించి విలువ కట్టే మనిషి) వేసే ధరకూ పొంతన కుదరకపోవడానికి కారణం ఇదే.

తూకం దగ్గర మాత్రం ఇప్పటికీ మనిషికీ మనిషికీ తేడా వస్తుంది. రాళ్లకు, పూసలకు, లోపల పోసిన లక్కకు విలువ కట్టరు, బంగారానికి మాత్రమే కడతారు. రాళ్ల నెక్లెసు నలభై గ్రాములు తూగినా నికర బరువు ముప్పై రెండు అనో, ముప్పై అనో రాస్తారు, ఆ రెండు గ్రాముల తేడా అప్రైజర్ అంచనా మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే కుదువకు తీసుకెళ్లేటప్పుడు గాజులు, గొలుసులు వంటి సాదా నగలు ఎంచుకుని, రాళ్ల నగలను ఇంట్లోనే ఉంచడం మంచిది. స్వచ్ఛతను మీ ఎదుటే పరీక్షించాలని, స్థూల బరువు, నికర బరువు, స్వచ్ఛత, తరుగు, విలువ వివరంగా రాసిన పత్రం మీకు ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ పత్రం చేతికి రాకుండా కౌంటర్ నుంచి లేవకండి.

ఇక వడ్డీ. లెక్క కోసం బ్యాంకు ఏడాదికి 9 శాతం, కంపెనీ 18 శాతం తీసుకుంటాయని అనుకుందాం. 2 లక్షల అప్పుకు ఏడాదికి బ్యాంకులో 18,000, కంపెనీలో 36,000 రూపాయలు అవుతుంది. ఇంత తేడా కళ్లెదుట ఉన్నా బ్యాంకే చవక అని ప్రతిసారీ చెప్పలేం. 50,000 రూపాయలు ఇరవై రోజుల కోసం కావాలనుకోండి. 9 శాతం చొప్పున వడ్డీ సుమారు 247 రూపాయలు, 18 శాతం చొప్పున సుమారు 493. బ్యాంకు ప్రాసెసింగ్ చార్జీ, అప్రైజర్ చార్జీ కలిపి 500 రూపాయలు తీసుకుని, కంపెనీ ఏమీ తీసుకోకపోతే, చవకైనది కంపెనీయే. పైగా బ్యాంకు పని కోసం ఒక పూట సెలవు పెట్టవలసి వస్తే ఆ పూట కూలి కూడా ఇందులో కలపాలి. నెల లోపు తీర్చగలిగే చిన్న అప్పుకు వడ్డీ శాతం కన్నా చార్జీలే ముఖ్యమని, నెలలు గడిచే అప్పుకు వడ్డీ శాతమే ముఖ్యమని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

కంపెనీ ప్రకటనల్లో కనిపించే తక్కువ వడ్డీ గురించి ఒక మాట చెప్పాలి. చాలా పథకాల్లో ఆ వడ్డీ నెలనెలా తప్పకుండా కట్టేవారికే వర్తిస్తుంది. రెండు నెలలు ఆలస్యమైతే ఒక మెట్టు, ఆరు నెలలు దాటితే మరో మెట్టు చొప్పున వడ్డీ పెరుగుతూ పోతుంది. అడగవలసిన ప్రశ్న ‘వడ్డీ ఎంత’ అని కాదు, ‘నేను ఏడాది పాటు ఒక్క రూపాయి కూడా కట్టకపోతే చివరి రోజున మొత్తం ఎంత కట్టాలి’ అని. ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు రాసి ఇమ్మనండి. నేను వెళ్లిన కంపెనీలో ఆ జవాబు రాబట్టడానికి ముప్పావు గంట పట్టింది. అప్పు మంజూరు చేయడానికి అంత సమయం కూడా పట్టేది కాదు.

ఇప్పుడు అసలు విషయం. బంగారం మీద ఇచ్చే అప్పుల్లో ఎక్కువ భాగం ఒకే విడతలో తీర్చవలసినవి: ఏడాది చివర అసలు, వడ్డీ కలిపి కట్టి నగలు తెచ్చుకోవాలి. సొంత అవసరాల కోసం తీసుకునే ఇలాంటి అప్పుకు గడువు 12 నెలలు మించకూడదు. పైన లెక్కించిన 2 లక్షల బ్యాంకు అప్పునే తీసుకుంటే, చేతిలో నెలకు పది వేలు మిగిలే కుటుంబానికి ఏడాది చివర ఒకేసారి 2,18,000 రూపాయలు ఎక్కడ నుంచి వస్తాయి? మిగిలిన పది వేలు ఆ నెలే ఏదో ఒక ఖర్చుకు కరిగిపోతాయి, గడువు దగ్గర పడ్డాక వడ్డీ మాత్రం కట్టి అప్పును తిరగరాయించుకుంటారు. ఇలా మూడేళ్లు, నాలుగేళ్లు తిరగరాసిన అప్పులు నాకు తెలిసినవే కొన్ని ఉన్నాయి. అందరి కథా ఒకటే: నగ పోయింది వడ్డీ ఎక్కువై కాదు, అసలు ఒక్క రూపాయి కూడా తగ్గకపోవడం వల్ల.

దీనికి బదులు బంగారం హామీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా కొన్ని బ్యాంకులు ఇస్తాయి. అందులో ఎప్పుడు డబ్బు ఉంటే అప్పుడు వేయవచ్చు, వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకు మాత్రమే వడ్డీ పడుతుంది. అదే 2 లక్షలు, అదే 9 శాతం తీసుకుని ప్రతి నెలా పది వేలు వేస్తూ పోతే ఏడాదికి వడ్డీ సుమారు 13,700 రూపాయలు అవుతుంది. 18,000తో పోలిస్తే మిగిలేది నాలుగు వేల పైచిలుకే, అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయం ఏమిటంటే, ఏడాది చివర నగలు విడిపించుకోవడానికి కావలసింది 2,18,000 కాదు, సుమారు 93,700 మాత్రమే. అంత మొత్తానికి ఒక చీటీ పాడుకోవచ్చు, బోనస్ వస్తే సర్దవచ్చు, బంధువు దగ్గర చేబదులు తీసుకోవచ్చు. ఓవర్‌డ్రాఫ్ట్ దొరకకపోతే నెలవారీ వాయిదాల అప్పు అడగాలి, అదీ కాకపోతే కనీసం మధ్యలో అసలు నుంచి కొంత కట్టుకోనిచ్చే అప్పు ఎంచుకోవాలి. కట్టిన సొమ్ము మొదట వడ్డీకి జమ అవుతుంది కాబట్టి, వడ్డీ తీరాక మిగిలినదే అసలు నుంచి తగ్గుతుందన్నది మరవకూడదు.

ఒకే విడతలో తీర్చే అప్పుకు మరో ఇబ్బంది కూడా ఉంది. ఆ రకం అప్పుల్లో 85 శాతం పరిమితిని ఇచ్చే సొమ్ము మీద కాక, గడువు నాటికి కట్టవలసిన మొత్తం మీద లెక్కించాలి. లక్ష రూపాయల బంగారానికి ఏడాది గడువుతో 9 శాతం వడ్డీ అయితే చేతికి వచ్చేది సుమారు 78,000, 24 శాతం వడ్డీ అయితే సుమారు 68,500. వడ్డీ ఎక్కువైన చోట చేతికి వచ్చేది తక్కువ అవుతుందన్నమాట. ‘వడ్డీ ఎక్కువైనా గ్రాముకు ఎక్కువ ఇస్తారు’ అన్న పాత నమ్మకం ఈ రకం అప్పు విషయంలో ఇకపై నిలబడదు.

నగలన్నీ ఒకే మూటగా కుదువ పెట్టడం ఇంకో పొరపాటు. ఒక అప్పు కింద పెట్టిన నగలు ఆ అప్పు పూర్తిగా తీరే వరకు సాధారణంగా బయటకు రావు. 2 లక్షలు కావాలంటే ఒకే అప్పుగా కాక మూడు అప్పులుగా తీసుకుంటే, డబ్బు చేతికి వచ్చిన కొద్దీ ఒక్కొక్కటీ విడిపించుకోవచ్చు. ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు కనీసం గొలుసైనా మెడలో ఉంటుంది. చార్జీలు మూడుసార్లు పడతాయి, కౌంటర్ వారు కొంచెం విసుక్కుంటారు, అయినా ఇది చేయదగిన పనే.

ఫైనాన్స్ కంపెనీల వైపు చెప్పవలసింది కూడా ఉంది. ముత్తూట్, మణప్పురం వంటి సంస్థలు కేరళలో పుట్టి దేశమంతటా విస్తరించడానికి కారణం వడ్డీ కాదు, వేగం. ఖాతా ఉండనక్కరలేదు, అప్రైజర్ ఏ రోజు వస్తాడో కనుక్కోనక్కరలేదు, అరగంటలో పని అవుతుంది. ఆసుపత్రిలో మనిషి ఉన్నప్పుడు ఈ అరగంట విలువను ఏ వడ్డీ శాతంతోనూ కొలవలేం. అలాంటి సమయంలో కంపెనీకి వెళ్లడం తప్పు కాదు. గండం గడిచాక కూడా ఆ అప్పును అక్కడే వదిలేయడమే తప్పు. మొత్తం అప్పు 2.5 లక్షలు దాటితే తిరిగి కట్టగలిగే శక్తిని వివరంగా పరిశీలించాలన్న నిబంధన బ్యాంకుకూ, కంపెనీకీ వర్తిస్తుంది కనుక, పెద్ద అప్పుకు కంపెనీలోనూ ఆదాయం గురించి ప్రశ్నలు తప్పవు.

రైతులకు సంగతి వేరు. కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా 3 లక్షల వరకు పంట రుణం 7 శాతానికి దొరుకుతుంది, గడువులో తీరిస్తే చివరకు 4 శాతమే పడుతుంది. ఆ దారి ఉన్నవారు ముందుగా దాన్ని చూసుకోవాలి.

వీధి చివరి తాకట్టు దుకాణం గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది కాని, నూటికి నెలకు రెండు అంటే ఏడాదికి 24 శాతం; నెల దాటి రెండు రోజులైనా ఇంకో నెల వడ్డీ లెక్కించేవారు ఉన్నారు. పైన చెప్పిన రిజర్వు బ్యాంకు నిబంధనలేవీ అక్కడ పనిచేయవు. ఐదు వేలకో, పది వేలకో, వారం రోజుల మాటకైతే సరే. వ్యక్తిగత రుణం జీతగాళ్లకు హామీ లేకుండా దొరుకుతుంది కాని, వడ్డీలో బ్యాంకు బంగారు రుణంతో సాధారణంగా పోటీ పడలేదు.

అమ్మేయడం అన్న మార్గాన్ని చాలామంది ఆలోచించడానికే ఇష్టపడరు, నేను మాత్రం ఆలోచించమంటాను. రెండేళ్లలో కూడా తీర్చే దారి కనిపించని అప్పు కోసం నగను కుదువ పెట్టడమంటే, వడ్డీ కట్టి కట్టి చివరకు దాన్ని వేలానికి అప్పగించడమే. అమ్మితే మజూరీ పోతుంది, తరుగు పోతుంది, మళ్లీ కొనేటప్పుడు 3 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. కాని మిగిలిన బంగారం క్షేమంగా ఉంటుంది. వేలం విషయంలోనూ రుణగ్రహీతకు ఇప్పుడు కొంత రక్షణ ఉంది: ముందుగా నోటీసు ఇవ్వాలి, కనీస ధర ఆనాటి విలువలో 90 శాతానికి తగ్గకూడదు, రెండు వేలాలు విఫలమైతేనే 85 శాతానికి దించవచ్చు, బాకీ పోగా మిగిలిన సొమ్మును ఏడు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. ఇల్లు మారినప్పుడు చిరునామా, ఫోన్ నంబరు మార్పించకపోతే ఆ నోటీసు పాత ఇంటికే వెళుతుంది.

చివరకు నేను బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకున్నాను. గ్రాముకు కంపెనీ చెప్పిన దానికన్నా కొంచెం తక్కువే వచ్చింది, రెండు పూటలు తిరగవలసి వచ్చింది. జీతం పడిన మరుసటి రోజే ఎంతో కొంత ఆ ఖాతాలో వేస్తున్నాను కాబట్టి బాకీ ప్రతి నెలా కొంత తగ్గుతోంది. పూర్తిగా తీర్చిన రోజున నగలు అదే రోజు ఇవ్వాలి, ఎంత ఆలస్యమైనా ఏడు పనిదినాలు మించకూడదు. తప్పు అప్పు ఇచ్చినవారిదైతే ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకూ 5,000 రూపాయలు పరిహారం చెల్లించాలి. ఆ రోజు సీలు మీ ఎదుటే విప్పించి, కుదువ పెట్టిన నాటి పత్రం పక్కన పెట్టుకుని ఒక్కొక్క నగనూ తూకం వేయించండి, సంతకం ఆ తర్వాతే చేయండి.