టీ బంకుకు ఏది మేలు: కలిపి కాచేదా, విడిగా డికాషనా?

అనంతపురంలో ఇప్పుడు టీ బంకు లేని సందు అరుదు. కొత్తగా పెట్టేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది కాచే పద్ధతి.

కలిపి కాచడానికి పది చిన్న కప్పులకు 450 మి.లీ. నీళ్లు, అన్నే పాలు, 18 గ్రాముల డస్టు పొడి, 60 గ్రాముల చక్కెర. దంచిన అల్లం నీళ్లలోనే వేసి బాగా తెర్లనివ్వాలి; పచ్చిగా గోరువెచ్చని పాలలో పడితే అందులోని ఎంజైము పాలను విరగ్గొడుతుంది. డస్టు సన్నటి పలుకు కాబట్టి సారం త్వరగా దిగుతుంది, మూడు నాలుగు నిమిషాలు చాలు. దాటితే వగరు. ఆ వగరును చక్కెరతో కప్పెయ్యడం మన బంకుల్లో మామూలే. గిరాకీ తగ్గిన వేళ మిగిలిన టీని మళ్లీ మళ్లీ వేడి చేయడమే ఈ పద్ధతిలో అసలు చిక్కు.

డికాషన్‌కు అర లీటరు నీళ్లలో 35 గ్రాముల పొడి వేసి, మూత పెట్టి సన్నసెగ మీద పావుగంట ఉంచి వడగట్టాలి. కుతకుత ఉడకనివ్వకూడదు. పక్క పొయ్యి మీద లీటరు పాలు అడుగంటకుండా కలుపుతూ 800 మి.లీ.కి ఇగరబెట్టాలి. కప్పుకు 25 మి.లీ. డికాషన్, 55 మి.లీ. పాలు. స్ట్రాంగ్, లైట్ ఎవరికి కావాల్సినట్టు వాళ్లకు. ఖర్చు మాత్రం చూసుకోండి: కలిపి కాచేదాంట్లో కప్పుకు 45 మి.లీ. పాలైతే ఇక్కడ దాదాపు 70. డికాషన్ చల్లారితే మబ్బుగా మారుతుంది; కెఫీన్, టీకి రంగునిచ్చే థియాఫ్లావిన్లు జతకట్టడం వల్ల. వేడి చేస్తే తేటపడుతుంది, పోయిన వాసన తిరిగి రాదు.

బస్టాండు దగ్గర పొద్దంతా జనం ఉండే చోట డికాషనే మేలు. కాలనీ సందులో అయితే కలిపి కాచేదే, అదీ పదేసి కప్పులుగా.

నీళ్ల దగ్గర మాత్రం రెండింటికీ ఒకటే మాట: బోరు నీళ్లు వద్దు. కఠిన జలమైతే డికాషన్ మీద పొర తేలి, రంగు మొద్దుబారుతుంది. జిల్లాలో చాలాచోట్ల బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, టీ ఆకులోనూ అది సహజంగానే ఉంటుంది. మరిగిస్తే పోదు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. ఆర్‌ఓ నీళ్లు వాడండి.

బెల్లం టీ అడిగేవాళ్లు పెరిగారు. పాలతో కలిపి మరిగిస్తే విరిగే ప్రమాదం ఉంది. పొయ్యి దించి, పొంగు అణిగాక తురుము వేసి కలపాలి.