జానెడు సముద్రానికి లక్షా ఇరవై వేలు

అద్దె ఇంటి ప్రకటనలో ‘సముద్రం కనిపిస్తుంది’ అని ఉంటే, ఎంత సముద్రం అని ముందే అడగండి. మేము అడగలేదు. మాకు జానెడు దక్కింది. వంటింటి కిటికీ తెరిచి, ఎడమ భుజం గోడకు ఆనించి, మెడ బయటికి చాపితే ఎదుటి రెండు మేడల సందులో నీలంగా ఒక పట్టీ కనిపిస్తుంది. మా అమ్మాయి చెయ్యి బయటికి పెట్టి, ఫోనులో ఆ పట్టీని దగ్గరికి లాగి తీసింది. అచ్చం ప్రకటనలో ఉన్న ఫొటోయే వచ్చింది. దానికి రాత్రికి 210 యూరోల చొప్పున ఆరు రాత్రులకు 1,260 యూరోలు. మా కార్డుకు పడిన లెక్కన యూరో 96 రూపాయలు, అంటే దాదాపు లక్షా ఇరవై ఒక్క వేలు. నేను విశాఖలో పుట్టి పెరిగినదాన్ని. సముద్రం చూడటానికి డబ్బు కట్టడమే నాకు కొత్త. కట్టాక మెడ పట్టేయడం ఇంకా కొత్త.

ఊరు ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్. మనం స్పెల్లింగు చూసి నైస్ అంటాం గాని అక్కడ అలా అంటే ఎవరికీ అర్థం కాదు. మా తమ్ముడు దానికి దగ్గర్లోనే సోఫియా ఆంటిపోలిస్‌లో పనిచేస్తాడు. 1969లో ఆంటీబ్ పట్టణం పక్కన, పైన్ చెట్ల మధ్య మొదలుపెట్టిన టెక్నాలజీ పార్కు అది. వాడి ఆఫీసులో మనవాళ్లు బాగానే ఉన్నారట, ఉగాదికి పచ్చడి కూడా చేసుకుంటారట. వాడిది ఒంటి గది ఇల్లు. మేమేమో నలుగురం: నేను, మావారు, ఇంటర్ పరీక్షలు ముగించిన అమ్మాయి, డెబ్బై రెండేళ్ల మా అత్తయ్యగారు. అందుకే అద్దె ఇల్లు.

నిరుడు, అంటే 2025లో, మే నెల రెండో సగంలో వెళ్లాం. అదే మొదటి తప్పు. ఆ రోజుల్లోనే రైల్లో అరగంట దూరంలో కాన్ చిత్రోత్సవం, ఇటువైపు మొనాకోలో కార్ల పందెం. ఆ రెండింటి మధ్య నలిగిన నీస్‌లో గదుల ధరలు చుక్కల్లో ఉన్నాయి. వాతావరణం బాగానే ఉంటుంది గాని, పిల్లల సెలవులతో పని లేనివాళ్లు సెప్టెంబరులో వెళ్లడం మేలు. అప్పటికి నీళ్లు కూడా వెచ్చబడి ఉంటాయి. మేలో కాళ్లు పెడితే ఐసు డబ్బాలో పెట్టినట్టే ఉంది.

ఇక ఆ ఇంటి సంగతి. పాత ఊళ్లో, రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయేమో అనిపించే సందులో ఉంది. అయిదో అంతస్తు. లిఫ్టు లేదు. ప్రకటనలో ‘లిఫ్టు ఉంది’ అని లేదు కదా అన్నాడు తాళాలు ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు. నిజమే, లేదు. మెట్లు 94. లెక్కపెట్టింది అత్తయ్యగారు. ఎందుకంటే ఆమె మోకాళ్లకు ప్రతి మెట్టూ విడిగా గుర్తుంది. నలభైయో మెట్టు దగ్గర కూర్చుండిపోయి, “మీరు పైకి వెళ్లండమ్మా, నేను రేపు వస్తాను” అన్నారు. మావారు నవ్వలేదు. ఇల్లు చూసి డబ్బు కట్టింది నేను కాబట్టి ఆ సాయంత్రం ఆయన నాతో మాట్లాడింది రెండే ముక్కలు, అవీ సూట్‌కేసు గురించి.

పైకి వెళ్లాక ఆ కుర్రాడు శుభ్రం చేసే ఖర్చు 90 యూరోలు నగదుగా ఇమ్మన్నాడు. అది ప్రకటన అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, చూపించాడు. పైగా 300 యూరోల డిపాజిట్టు. రాత్రి ఒంటిగంట దాకా కింద బార్ల ముందు కుర్చీలు ఈడ్చే చప్పుడు. ఏసీ లేదు, కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే కుర్చీలు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ దెబ్బ తీసింది పొయ్యి. శాకాహారి పెద్దావిడ వెంట ఉన్నారని మూడు లీటర్ల కుక్కరు, రెండు కిలోల సోనామసూరి, కందిపప్పు, పోపు డబ్బా విశాఖ నుంచి మోసుకెళ్లాను. అక్కడ ఉన్నది ఇండక్షన్ పొయ్యి. మా కుక్కరు అల్యూమినియంది. పెట్టిన ప్రతిసారీ పొయ్యి కుయ్‌మని ఒక కూత పెట్టి ఆరిపోయేది. దానికి ఇనుప గుణం ఉన్న అడుగు కావాలి. కొనేటప్పుడు అడుక్కి అయస్కాంతం పెట్టి చూడాలని తమ్ముడు తర్వాత చెప్పాడు, పదేళ్లుగా ఆ దేశంలో ఉన్నవాడు ముందే చెప్పి ఉండాల్సింది. మొదటి రాత్రి వెడల్పాటి వేపుడు పెనంలో, పైన పళ్లెం బోర్లించి అన్నం వండాను. మధ్యలో మాడు, అంచున పలుకు. అత్తయ్యగారు పెరుగు కలుపుకొని మాట్లాడకుండా తిన్నారు. ఆమె మాట్లాడకపోవడం అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాటి పొద్దున ఆ మౌనాన్ని విరిచింది ఒక అట్టు.

పాత ఊళ్లోనే కూర్ సలేయా అని పూలూ కూరగాయలూ అమ్మే బజారు ఉంది. సోమవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు పాత సామాన్లు పెడతారు, కూరగాయలు ఉండవు. ఆ బజారులో ఒకచోట జనం బారులు తీరి ఉన్నారు. ముందుకు వెళ్లి చూస్తే పెద్ద రాగి పళ్లెం, మన పెళ్లి భోజనాల్లో అన్నం గుమ్మరించే పళ్లెమంత వెడల్పు, లోపల కళాయి పూత. అందులో బంగారు రంగు అట్టు, అక్కడక్కడా నల్లగా పొక్కులు. అట్లకాడలాంటి దానితో ముక్కలుగా గీకి, కాగితంలో వేసి, పైన మిరియాల పొడి చల్లి ఇస్తోంది ఒకావిడ. పేరు సోకా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు. ఇంకేమీ లేదు. పిండిని మజ్జిగలా పల్చగా కలిపి, కట్టెల పొయ్యిలో బాగా మండే వేడి మీద కాలుస్తారు. పైన కరకర, లోపల మెత్తన.

అత్తయ్యగారు ముక్క తుంచి ముందు వాసన చూశారు, తర్వాత వేళ్ల మధ్య నలిపారు, ఆ తర్వాతే నోట్లో పెట్టుకున్నారు. “ఇది మన శనగపిండి అట్టే. వాము మరిచిపోయారు” అన్నారు. అని రెండో పొట్లం తెమ్మన్నారు. పొట్లం 3.50 యూరోలు. ఆరు రోజుల్లో ఆమె ఒక్కరే పదకొండు పొట్లాలు తిన్నారు, లెక్క నా దగ్గర ఉంది. చల్లారితే మాత్రం తోలులా సాగుతుంది. రెండు నిమిషాల క్రితం పొయ్యిలోంచి వచ్చినది అయితేనే కొనండి, లేకపోతే తర్వాతి వాయి దాకా ఆగండి.

నీస్ స్థిరంగా ఫ్రాన్స్‌లో కలిసింది 1860లోనే. అంతకు ముందు చాలా కాలం, తర్వాత ఇటలీకి రాజులైన సావోయ్ వంశం ఏలుబడిలో ఉంది. అందుకే సందుల గోడలు ఇటలీ ఊళ్లలాగా పసుపూ కావీ రంగుల్లో ఉంటాయి, పాత ఊళ్లో వీధి పేర్లు ఫ్రెంచితోపాటు స్థానిక నిస్సార్ భాషలోనూ రాసి ఉంటాయి, తిండి కూడా పారిస్ తిండిలా ఉండదు. మరో కొట్టులో గుమ్మడి జాతి పూలను పిండిలో ముంచి వేయించినవి దొరికాయి. గుమ్మడిపూల బజ్జీలే. వాటిని చూసి అత్తయ్యగారు వాళ్ల అమ్మమ్మ ఊరు నర్సీపట్నం దాకా వెళ్లి వచ్చారు, మాటల్లోనే.

శాకాహారులకు ఒక హెచ్చరిక. పిస్సలదియేర్ అని ఉల్లిపాయలు మగ్గబెట్టి పరిచిన రొట్టె ఒకటి అమ్ముతారు. చూస్తే ఉల్లిపాయా, ఆలివ్ కాయా తప్ప ఇంకేమీ కనిపించదు. అందులో ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది. అత్తయ్యగారి నోటికి అంగుళం దూరంలో తమ్ముడు లాక్కున్నాడు. నీస్ సలాడు అన్నా, పాన్ బాన్యా అనే గుండ్రటి శాండ్‌విచ్ అన్నా అంతే, చేప గ్యారంటీ. ‘మాంసం లేదు కదా’ అని అడిగితే లేదనే చెబుతారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో చేప మాంసం కాదు. ‘సాన్ వియాంద్, సాన్ పుఆసోన్’, అంటే మాంసం వద్దు, చేప వద్దు అని రెండూ అనండి.

మూడో రోజు రాత్రి ఒక హోటల్లో కూర్చుని తిన్నాం. నీళ్లు అడిగితే సీసాలు తెచ్చి మూతలు తీసేశాడు. రెండు సీసాలు 14 యూరోలు. ఫ్రాన్స్‌లో భోజనంతోపాటు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి, అది చట్టం. ‘కరాఫ్ దో’ అనే రెండు మాటలు నేర్చుకుని ఉంటే 1,300 రూపాయలు మిగిలేవి. మొత్తం బిల్లు 86 యూరోలు. కార్డు యంత్రం చేతిలో పట్టుకుని, సర్వీసు విడిగా ఉంటుంది, పదిహేను శాతం వేయనా అన్నాడు. మెనూ కాగితం కింద సర్వీసు కలిపే ధర అని అచ్చేసి ఉంది. మా అమ్మాయి ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించింది. అతను భుజాలు ఎగరేసి వెళ్లిపోయాడు. రెండు రోజులుగా ముభావంగా ఉన్న మావారు అప్పుడు మొదటిసారి నవ్వారు. నా మీద కోపం అతని మీదికి మళ్లినట్టుంది, నాకూ ప్రాణం లేచివచ్చింది.

సముద్రం గురించి చెప్పాలి కదా. నీస్‌లో ఇసుక లేదు. గుండ్రటి బూడిదరంగు రాళ్లు, పిడికిలంతవి. వట్టి కాళ్లతో నాలుగు అడుగులు వేస్తే తెలుస్తుంది. బజారులో 12 యూరోలకు రబ్బరు చెప్పులు కొన్నాం, ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. ప్రైవేటు బీచుల్లో పడక కుర్చీకి మనిషికి 28 యూరోలు అడిగారు. దాని పక్కనే అదే సముద్రం, అవే రాళ్లు ఉచితం. ఒడ్డు వెంట ఏడు కిలోమీటర్ల ప్రొమెనాడ్ ఉంది. చలికాలం గడపడానికి వచ్చే ఇంగ్లీషువాళ్లు 1820ల్లో వేయించిన బాట కాబట్టి ఇప్పటికీ ఇంగ్లీషువాళ్ల పేరే. దాని మీది నీలం కుర్చీలు కూడా ఉచితమే. అత్తయ్యగారు ఆ కుర్చీలో పావుగంట కూర్చుని, “అలలు లేవేమిటే దీనికి? చెరువులా పడి ఉంది” అన్నారు. మధ్యధరాలో ఆటుపోట్లు నామమాత్రమే. రుషికొండ అల చూసిన కంటికి అది ఆగిపోయిన సముద్రంలా ఉంటుంది. అయినా రాళ్ల మీద మెల్లగా దిగి, మూడుసార్లు నెత్తిన నీళ్లు చల్లుకుని, గోత్రం చెప్పుకున్నారు. పక్కన ఎండలో పడుకున్న ఫ్రెంచి ముసలాయన లేచి కూర్చుని చూశాడు.

ఇసుక కావాలంటే విల్‌ఫ్రాంష్ వెళ్లండి. రైల్లో ఏడెనిమిది నిమిషాలు, మూడు యూరోల లోపే. స్టేషను కిందనే బీచ్. మా ఆరు రోజుల్లో అందరూ ఒకేసారి సంతోషంగా ఉన్న ఏకైక పూట అక్కడే గడిచింది, కాబట్టి చెప్పడానికి ఏమీ లేదు.

నీస్‌లోనే ఉన్న కోట కొండ తప్పకుండా ఎక్కండి, ఎక్కడానికి లిఫ్టు ఉంది, అదీ ఉచితం. మా అద్దె ఇంటికి లేని లిఫ్టు కొండకు ఉంది. పైకి వెళ్లాక మావారు కోట ఏదని వెతికారు. లేదు. 1706లో పద్నాలుగో లూయీ కూల్చివేయించాడు, పేరు మాత్రం మిగిలింది. ఒకవైపు వంపు తిరిగిన తీరమంతా, మరోవైపు ఓడరేవు. ఉన్నట్టుండి ఢామ్మని పేలుడు. అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. రోజూ మిట్టమధ్యాహ్నం పన్నెండుకు అక్కడ ఒకప్పుడు ఫిరంగి మోగించేవారు, ఇప్పుడు దాని బదులు పెద్ద టపాసు పేలుస్తారు. షికార్లలో పడి భార్య వేళకు భోజనానికి రావడం లేదని ఒక స్కాట్లండు దొర మొదలుపెట్టించాడని చెప్పుకుంటారు. “మీ మామగారు ఉండి ఉంటే ఆయనా పెట్టించేవారు” అన్నారు అత్తయ్యగారు.

మొనాకోలో పందెం కోసం వీధులన్నిటికీ ఇనుప కంచెలు కట్టి ఉన్నాయి, ఏమీ చూడకుండా తిరిగి వచ్చాం. కొండ మీది ఎజ్ గ్రామం అందంగానే ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం బస్సు దిగిన చోటే కాఫీ తాగి కూర్చోవచ్చు.

మాంతోన్ వేరు. ఇటలీ సరిహద్దు దగ్గర ఊరు, నిమ్మకాయలకు పేరు, 2015లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నీస్ నుంచి వెళ్లేటప్పుడు రైల్లో కుడివైపు కూర్చోండి, మాకు జానెడు దొరికిన సముద్రం అక్కడ దారి పొడవునా ఉచితం. నిమ్మకాయలు కోడిగుడ్డు కంటే పెద్దవి, తొక్క మందం, పులుపు తక్కువ, గోటితో గీరితే చెయ్యంతా వాసన. కిలో 5 యూరోలు. సాయంత్రం ఇంటికి వచ్చి, అప్పటికి పెనంలో అన్నం వండటం చేతనయింది కాబట్టి, పులిహోర కలిపాను. తమ్ముడు జీడిపప్పు తెచ్చాడు. అక్కడ మేలో సూర్యుడు తొమ్మిదింటికి గాని దిగడు. ఆ వెలుతురులో, ఆ కిటికీ పక్కన, అయిదుగురం పెనం చుట్టూ చేరి తిన్నాం.

ఆ పులిహోరే కొంప ముంచింది. తెల్లటి వంటగట్టు మీద అరచేతి వెడల్పున పసుపు మరక. వెళ్లేరోజు తాళాలు తీసుకోవడానికి వచ్చిన కుర్రాడు మరకను నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. వారం తర్వాత 300లో 180 యూరోలే తిరిగి వచ్చాయి. గట్టుకు పాలిషు పెట్టించాలట. తప్పు మాదే, కాదనను. కానీ పసుపు మరకకు ఎండ తగిలితే రెండు రోజుల్లో అదే పోతుందని అత్తయ్యగారు అన్నారు, మన ఇళ్లలో ఎవరినడిగినా అదే చెబుతారు. తమ్ముడి చేత మర్యాదగా ఫ్రెంచిలో రాయించి, కిటికీ తెరిచి ఉంచమని మెయిలు పంపాను.

ఆ వంటింట్లోకి ఎండ రాదని జవాబు వచ్చింది.